మిగిలిన గుడ్డ

కర్సినెంకి భయాలు కొత్త కాదు. ఉరుమంటే భయం, పామంటే భయం, సర్కారు కాగితం మీద వేలిముద్ర వెయ్యాలంటే భయం. పెళ్ళయిన కొత్తలో మొగుడు పర్జోనో తలుపు చాటున నిలబడి కావాలని గట్టిగా తుమ్మేవాడు. ఆవిడ చేతిలో చెంబు జారి పడేది. ఆయన పడీ పడీ నవ్వేవాడు. అంత పిరికి మనిషికి యాభై రెండేళ్ళు దాటాక, ఒక వానాకాలం మొదట్లో, ఇంకో రకం భయం పట్టుకుంది. దానికి ఎవర్నీ అనడానికి లేదు. నోరు జారి ఆవిడే ఒక మాట అంది, దాన్ని కప్పిపెట్టడానికి ఆవిడే ఒక అబద్ధం ఆడింది.

ఆవిడది దవెత్ అనే చల్లటి తీపి పానీయం అమ్మే కొట్టు. మా పుర్వొరెజో వైపు దవెత్ నల్లగా ఉంటుంది. వరిగడ్డి కాల్చిన బూడిద నీళ్ళు వడగట్టి, బియ్యప్పిండిలో కలిపి ఉడికించి, చిల్లుల పళ్ళెంలోంచి చన్నీళ్ళలోకి దించితే చిన్న తోకలున్న నల్లటి గింజలు పడతాయి. గిన్నెలో ఆ గింజలు, వాటి మీద బెల్లం పాకం, ఆ పైన కొబ్బరిపాలు. ఆ పాలు మాత్రం తాగేవాడి కళ్ళముందే పిండాలి. తురిమిన కొబ్బరిని తెల్లటి గుడ్డ సంచిలో వేసి, గిన్నె మీద పట్టుకుని మెలితిప్పాలి. ముందే పిండి పెట్టుకున్న పాలు మావాళ్ళు ముట్టుకోరు.

కొట్టు రైలు గేటు పక్కన. గేటు పడిందంటే లారీలూ బస్సులూ ఆగేవి, ఎండకు నోరెండిపోయిన జనం దిగేవారు. ఇరవై ఏళ్ళు ఆ గేటే ఆవిడకు అన్నం పెట్టింది. తరవాత పట్టాల మీదుగా పైవంతెన కట్టారు. బళ్ళన్నీ నెత్తి మీద నుంచి పోవడం మొదలుపెట్టాయి. కింద మిగిలింది కర్సినెం, ఆవిడ పక్కన పకోడీల బాండీ పెట్టుకునే జుమీరా, నాలుగు కుక్కలు.

అదే సమయంలో కూతురు నస్తీతి ఇంటికి వచ్చేసింది. సెమరాంగ్‌లో బట్టల ఫ్యాక్టరీలో జిప్పులు కుట్టేది. ఆర్డర్లు లేవని అందర్నీ పంపేశారు. పిల్లకి ఊరికే కూర్చోవడం చేతకాదు. చిన్న వ్యాపారాలను ఫోన్లో ఎలా పెంచుకోవాలో మండలాఫీసులో మూడు రోజులు ఉచితంగా పాఠాలు చెబుతారంటే వెళ్ళి, నోట్సు నిండా రాసుకుని వచ్చింది.

"అమ్మా, మొదటి మూడు సెకన్లలో కట్టిపడెయ్యాలట. లేకపోతే వేలితో పైకి తోసేస్తారు."

"ఎవర్ని?"

"నిన్నే."

"నన్నెందుకే తొయ్యడం? నేనేం చేశాను వాళ్ళని?"

"అబ్బ, నువ్వు పని చేసుకో. నేను తీసుకుంటాను."

ఫోన్ని కొబ్బరి కోరాం పీటకి రబ్బరు బ్యాండ్లతో కట్టి తీసేది. గడ్డి కాలడం, గింజలు పడటం, పాకం ధార. ముఖం చూపించకపోయినా పర్లేదు, చేతులు చాలని మాస్టారు చెప్పాడట. కర్సినెం చేతులు మొద్దుబారి, గోళ్ళ సందుల్లో బూడిద ఇంకి ఉంటాయి. ఆ చేతుల్నే జనం చూశారు. ఎవరు ఏం రాసినా ఆ రోజే జవాబివ్వాలన్నది ఇంకో నియమం. నస్తీతి అందరికీ ఇచ్చేది. నాలుగు నెలల్లో వెయ్యి మంది ఫాలోయర్లయ్యారు. అందులో సగం చుట్టాలు, ఫ్యాక్టరీ స్నేహితురాళ్ళు.

జుమీరా బాండీ దగ్గర నుంచే వేళాకోళం ఆడేది. "యూ కర్సి! ఇవాళ పౌడరు రాసుకున్నావా? వెయ్యి మంది మొగుళ్ళొచ్చారట నీకు!" పెద్దావిడ గనక యూ, అంటే అక్కా, అని మర్యాద, మిగతాదంతా ఎకసెక్కం.

"నీ పకోడీలు కూడా తీయిస్తాలే. ఆ నూనె చూస్తే మూడు సెకన్లు కాదు, మూడేళ్ళు మర్చిపోరు," అనేది కర్సినెం. ఇద్దరూ నవ్వుకునేవారు. అప్పటికి అన్నీ బాగానే ఉన్నాయి.

మాస్టారు చెప్పిన పాఠాల్లో ఆఖరిది కథ. జనం కొనేది సరుకుని కాదు, దాని వెనకున్న కథనట. ఆ పాఠమే కొంప ముంచింది.

ఒక పొద్దున కొట్టు తెరుస్తుండగా నస్తీతి ఫోను పట్టుకుని అడగడం మొదలుపెట్టింది.

"ఈ కుండ ఎవరిది?"

"మా అమ్మది."

"ఈ గరిటె?"

"మా అత్తగారిది. ఆవిడివ్వలేదు, నేనే తెచ్చేసుకున్నా."

"ఈ పీట?"

"మీ నాన్న చేశాడు. ఒక కాలు పొట్టి. ఇన్నేళ్ళూ ఊగుతూనే కూర్చున్నా."

"ఈ గుడ్డ?"

కర్సినెం అప్పుడు సంచి మెలితిప్పుతోంది. చెయ్యి ఆగలేదు, ఆలోచన రాలేదు. "మీ నాన్నది," అంది.

నస్తీతి కళ్ళు చెమర్చాయి. సన్నటి పాట ఒకటి తగిలించి, కింద 'నాన్న గుడ్డ, అమ్మ చెయ్యి' అని రాసి పెట్టేసింది. మూడు రోజుల్లో లక్షల మంది చూశారు. మగెలాంగ్ నుంచి ఒక కుటుంబం పని కట్టుకుని వచ్చి, రెండేసి గిన్నెలు తాగి, కర్సినెంతో ఫోటోలు దిగి వెళ్ళింది. ఆవిడకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. మొగుడుంటే ఎంత ఎగతాళి చేసేవాడో అనుకుంది.

నాలుగో రోజు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్క వాక్యం రాశాడు. 'ఈ అమ్మాయి తండ్రి చనిపోయాడని పాత వీడియోలో ఉంది. చనిపోయినవాడి తెల్లగుడ్డ అంటే ఏ గుడ్డ?'

మా వైపు ఇక వివరం అక్కర్లేదు. ఉన్నట్టుండి ఎవరి కొట్టైనా కళకళలాడితే వెనకాల ఏదో ఉందంటారు. కుండ అడుగున శవానికి కట్టే కఫన్ తాడు వేశారని, శ్మశానం మట్టి కలిపారని, కంటికి కనపడనిదేదో కూర్చుని గిన్నెలో ఉమ్ముతోందని, అందుకే జనం ఆ రుచి అలా మరుగుతారని చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళు సగం నవ్వుతూనే చెబుతారు. మిగతా సగం మాత్రం నిజమే అయ్యుంటుందని నమ్ముతారు. సాయంత్రానికి ఆ వాక్యం కింద ఆరేడు వందల మంది చేరారు.

నస్తీతి ఫోను పట్టుకుని తల్లి దగ్గరకొచ్చింది. "అమ్మా, అది ఏ గుడ్డ? వీళ్ళకి ఇవాళే జవాబివ్వాలి."

కర్సినెం చేతిలో గిన్నె కింద పెట్టింది. "చొక్కా," అంది. "మీ నాన్న శుక్రవారం చొక్కా."

నస్తీతి తల్లి ముఖంలోకి కాసేపు చూసింది. 'నాన్న నమాజుకి వేసుకునే చొక్కా గుడ్డ' అని రాసి పెట్టింది.

అది చొక్కా కాదు.

పర్జోనో బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. గుమ్మంలో నిలబడితే ఇంట్లో చీకటి పడేది. అలాంటి మనిషికి కాలేయం చెడి ఎనిమిది నెలలు మంచాన పడ్డాడు. పోయిన రోజు పొద్దున, మోరి గుడ్డకి కర్సినెమే బట్టల కొట్టుకు పరిగెత్తింది. మా వైపు కఫన్‌కి వాడే తెల్లటి నూలు గుడ్డ అది. మనిషెంత ఉంటాడని కొట్టావిడ అడిగితే రెండు చేతులూ చాపి చూపించింది. ఇంటికి తెచ్చాక, ఊళ్ళో శవాలకు స్నానం చేయించి కఫన్ కోసే పెద్దాయన, పక్ మోదిన్ సర్బిని, కత్తెర పెట్టి కోశాడు. చుట్టడం అయిపోయింది. గుడ్డ ఇంకా ఉంది, చాలా ఉంది. ఆయన దాన్ని మడిచి, ఆవిడ చేతిలో పెట్టి, "పారెయ్యకు కర్సి, మంచి గుడ్డ. వాడుకో," అన్నాడు. నలభయ్యో రోజు తరవాత ఆవిడ దానితో పాలు పిండే సంచులు కుట్టుకుంది. సంత రోజుల్లో కొబ్బరి పిండేది పర్జోనోయే. ఆయన మెలితిప్పితే పిప్పి పొడిగా రాలేది. ఆ గుడ్డ పట్టుకుంటే ఆయన చెయ్యి పక్కనున్నట్టుండేది. అంతకు మించి అందులో ఏమీ లేదు.

ఏమీ లేదని ఆవిడకు తెలుసు. కానీ ఇప్పుడు చొక్కా అని చెప్పేసింది. అబద్ధం ఆడాక, ఏమీ లేనిదాన్లో కూడా ఏదో ఉన్నట్టయింది.

వారం తిరగలేదు, ఆ వీడియోని ఎవరో నెమ్మదిగా తిప్పి చూపించారు. ఆవిరిలో ముఖం ఉందన్నారు ఒకరు. సంచికి వేసిన ముడి శవం తలదగ్గర వేసే ముడే అన్నారు ఇంకొకరు. నలుపు గడ్డిది కాదు, చితి లేని చోట బూడిద ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగాడు ఒక మహానుభావుడు. వెయ్యి మంది ఫాలోయర్లు నలభై వేలయ్యారు. మండలాఫీసు మాస్టారి దగ్గర నుంచి నస్తీతికి సందేశం వచ్చింది: 'మీ ఎదుగుదల అద్భుతం! వచ్చే బ్యాచ్‌కి మీ గురించే చెబుతాను.'

నలభై వేల మంది చూస్తుంటే కొట్టు దగ్గర ఈగలు తోలుకోవాల్సి వచ్చింది. జనం వచ్చేవారు. రోడ్డుకి అవతలే ఆగి, ఫోన్లెత్తి తీసుకుని పోయేవారు. ఒకావిడ మోటారు సైకిలు వెనక కూర్చుని బిడ్డ కళ్ళు చేత్తో మూసింది. ఒక పొద్దున కొట్టు ముందు, దయ్యం దాటకుండా పోసే ఉప్పు గీత పోసి ఉంది. కర్సినెం చీపురు తీసుకుంది గాని ఊడవడానికి చెయ్యి రాలేదు. దాన్ని తొక్కాలన్నా భయం, దాటాలన్నా భయం. పక్క నుంచి తిరిగి లోపలికెళ్ళింది.

జుమీరా బాండీని పది అడుగులు జరుపుకుంది.

"పొగ నీ మీదికి కొడుతోంది, యూ," అంది తల ఎత్తకుండా.

"పదేళ్ళుగా కొడుతోంది కదే, ఇవాళే తెలిసిందా?"

"నేనేం అనలేదు. మా ఆయనే... పిల్లలున్నదాన్ని, యూ." అని నూనెలోకి చూస్తూ ఉండిపోయింది.

కర్సినెంకి ముద్ద దిగడం మానేసింది. నమాజులో నుదురు నేలకానించినప్పుడల్లా చొక్కా అన్న మాటే చెవిలో పడేది. దేవుడు గుడ్డ సంగతి అడగడు, అబద్ధం సంగతి అడుగుతాడు. కూతురికి చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచింది. చెబితే పిల్ల రాసిన మాట కూడా అబద్ధమవుతుంది, నలభై వేల మంది ముందు. నోరు మూసుకుంది.

అప్పుడు దిగాడు గందుంగ్. దయ్యాలున్న ఇళ్ళూ పాడుబడ్డ బావులూ తిరిగి లైవ్‌లు పెట్టే మనిషి. నల్ల చొక్కా, మెత్తటి మాట. చెప్పులు బయట విడిచి, వంగి నమస్కారం చేసి కూర్చున్నాడు. కర్సినెం గిన్నె అందిస్తే, "ఇప్పుడే తాగొచ్చానండీ, అమ్మగారూ," అని తన సీసాలో నీళ్ళు తాగాడు.

"మీ మీద నాకే అనుమానమూ లేదు. లోకం నోరు మూయించాలంటే ఒకటే దారి. శుక్రవారం నమాజయ్యాక మసీదు వసారాలో కఫన్ ప్రమాణం. ఒక్క గంట. నేను లైవ్ పెడతాను. మర్నాటికి మీ కొట్టు ముందు జనం వంతెన చివరిదాకా నిలబడతారు."

"చెయ్యకపోతే?" అంది నస్తీతి.

"చెయ్యనన్నారని చెబుతాను. అబద్ధం చెప్పలేను కదా, చెల్లెమ్మా," అన్నాడు నవ్వుతూ.

కఫన్ ప్రమాణమంటే నిందపడ్డ మనిషిని శవంలాగే మోరి గుడ్డలో చుట్టి, పడమటి దిక్కుకి పడుకోబెట్టి, తల మీద ఖురాను పట్టుకుని ఒట్టు వేయిస్తారు. అబద్ధపు ఒట్టు వేసినవాళ్ళు ఆ ఏడాది దాటరంటారు. అది మతంలో ఎక్కడా లేదని పెద్దలంటారు. అయినా ఊరు అడుగుతుంది. ఊరి పెద్దకి కూడా ఈ గోల ఎలాగోలా వదిలితే చాలు, సరేనన్నాడు. కర్సినెం తలూపింది. ఊపకపోతే తప్పు ఒప్పుకున్నట్టే.

గురువారం మధ్యాహ్నం ఆవిడ పక్ మోదిన్ ఇంటికెళ్ళింది. ఆయన పెరట్లో కోళ్ళకు నూకలు వేస్తున్నాడు. ఆవిణ్ణి చూడగానే లోపలికి పిలిచి, కిటికీ తలుపు వేశాడు.

"పక్ మోదిన్, ఆ గుడ్డ మీరు..."

"నెమ్మదిగా మాట్లాడు. నా పేరెత్తకు కర్సి, నీకు దణ్ణం పెడతాను."

"మీరే కదా వాడుకోమన్నది!"

"అన్నాను. కాదన్నానా? నేను శవాలు కడిగేవాణ్ణి. నేనే కఫన్ గుడ్డలు పంచిపెట్టానని ఆ ఫోనుల్లో పడితే, రేపీ ఊళ్ళో ఎవరింట పోయినా నన్ను గడప తొక్కనిస్తారా? ఆ పోయినవాళ్ళని ఎవరు కడుగుతారు?" పెద్దాయన చేతుల్లో నూకల పళ్ళెం వణుకుతోంది. ఊరందరి ముందూ చావుకి బెదరని మనిషి అలా వణకడం చూసి కర్సినెంకి ఉన్న ధైర్యం కూడా జారిపోయింది.

"మరి ఒట్టు ఎలా వెయ్యను? చచ్చిపోతాను పక్ మోదిన్."

ఆయన గెడ్డం నిమురుకున్నాడు. "ఒట్టు మాటలు రాసేది నేను. గుడ్డ ఊసు లేకుండా రాస్తాను. దయ్యాల సాయం కోరలేదు, ఎవరికీ కీడు తలపెట్టలేదు, అంతే. అది నిజమే కదా?"

"నిజమే."

"అయితే ఇంటికెళ్ళి అన్నం తిను."

ఆ రోజు నాలుగు ముద్దలు తినగలిగింది.

శుక్రవారం పొద్దున తల్లికి తల దువ్వుతూ నస్తీతి, "అమ్మా," అంది. "నాన్న తెల్లచొక్కా నలభయ్యో రోజున బాబాయికిచ్చాం. నేనే ఇస్త్రీ చేశాను."

కర్సినెం అద్దంలోంచి కూతుర్ని చూసింది. "తెలిసే రాశావా?"

"నువ్వు చెప్పావు కదా. ఇంకోసారి అడిగితే ఇంకేం చెబుతావోనని భయమేసింది." దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది. "వద్దందామా? ఇప్పుడైనా?"

"అంటే ఏమవుతుంది?"

నస్తీతి జడ ముడిచి, గుడ్డ కప్పి, పిన్ను పెట్టింది.

వసారాలో మూడు ఫోన్లు కర్రల మీద నిలబెట్టి ఉన్నాయి. ఊరంతా వచ్చింది. ఆడవాళ్ళు ఒక పక్క. అందులో జుమీరా కూడా ఉంది. గందుంగ్ కొత్త మోరి గుడ్డ కొని తెచ్చాడు. పక్ మోదిన్ కత్తెరతో దాన్ని కోస్తుంటే ఆ చప్పుడు విని కర్సినెం అరిచేతులు చీరకి తుడుచుకుంది. పడుకోబెట్టారు. చుట్టారు. పాదాల దగ్గర, మోకాళ్ళ దగ్గర, నడుం దగ్గర తాళ్ళు కట్టారు. ముఖం మాత్రం తెరిచి ఉంచారు. కొత్త గుడ్డ గంజి వాసన ముక్కుకి కొట్టింది. మొగుడు పోయిన రోజు ఇంట్లో ఉన్నది సరిగ్గా ఆ వాసనే. ఆవిడకు కనిపిస్తున్నదల్లా చూరు అంచు, దానికి వేలాడుతున్న సాలెగూడు, కాస్త ఆకాశం. చెయ్యి కదుపుదామంటే కదల్లేదు. ఊపిరి పైపైనే ఆడుతోంది. చెవి పక్కన గందుంగ్ ఫోనుతో గుసగుసలాడుతున్నాడు: "ఇరవై మూడు వేల మంది చూస్తున్నారు, ఎవరూ పోకండి."

పక్ మోదిన్ కాగితం విప్పాడు. "నేను దయ్యాల సాయం కోరలేదు."

"నేను దయ్యాల సాయం కోరలేదు."

"ఎవరికీ కీడు తలపెట్టలేదు."

"ఎవరికీ కీడు తలపెట్టలేదు."

ఇక అయిపోవాలి. కాలేదు. పక్ మోదిన్ కాగితం వైపే చూస్తున్నాడు. కింద ఇంకెవరిదో చేతిరాతతో ఇంకో వరుస ఉంది.

"చదవండి, పెద్దాయనా," అన్నాడు గందుంగ్ మెత్తగా. "జనం అడిగింది అదే కదా."

పెద్దాయన చదివాడు. గొంతు సరిగా వినపడలేదు. "నేను పాలు పిండే గుడ్డ నా భర్త చొక్కా గుడ్డ. ఇది అబద్ధమైతే ఈ కఫన్‌లోనే నేను మట్టిలో కలుస్తాను."

కర్సినెం నోరు తెరిచింది. నేను అన్న మాట వచ్చింది. తరవాతి మాట రాలేదు. చచ్చిపోతానన్న భయం ఒక పక్క, ఊరు వెలేస్తుందన్న భయం ఒక పక్క. ఆవిడ కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకోగానే కనిపించింది మాత్రం పర్జోనో, అది కూడా మంచంలో ఉన్న పర్జోనో.

"చొక్కా కాదు," అంది.

"గట్టిగా చెప్పండి, అమ్మగారూ."

"చొక్కా కాదని చెబుతున్నాను! మా ఆయన కఫన్‌కి కొన్న గుడ్డ అది. మిగిలిన ముక్క." కన్నీళ్ళు కణతల మీదుగా చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు లేవు. "పర్జోనో ఎంత మనిషో మీకందరికీ తెలుసు. కొట్టావిడ అడిగితే నేను ఇంతని చాపి చూపించాను. నాకు ఆ మనిషే తెలుసు. ఎనిమిది నెలలు పక్కనే కూర్చున్నాను, రోజూ చూస్తుంటే ఏం తెలుస్తుంది? గుడ్డ కోశాకే తెలిసింది, నా మొగుడు ఎంత తగ్గిపోయాడో. అంత మిగిలింది. అదంతా ఆయన ఉండాల్సిన చోటు. ఎలా పారెయ్యను? అందుకని కుట్టుకున్నాను. భయపడి చొక్కా అన్నాను. అబద్ధం ఆడినందుకు నన్నేం చేసినా సరే. నా కూతురికేం తెలియదు."

గందుంగ్ కళ్ళు మెరిశాయి. ఫోనుకి దగ్గరగా జరిగాడు. "విన్నారు కదా మిత్రులారా! కఫన్ గుడ్డేనని ఆవిడ నోటితోనే..."

"ఆ గుడ్డ నేనిచ్చాను."

పక్ మోదిన్ గొంతు. కత్తెర ఇంకా చేతిలోనే ఉంది. "పోయినవాడిది మట్టిలోకి పోయింది. పోనిది ఉత్త గుడ్డ. పారెయ్యొద్దు, వాడుకో అన్నది నేను. నిన్న ఇంట్లో కిటికీ వేసుకుని, నా పేరెత్తొద్దని ఈవిడ కాళ్ళావేళ్ళా పడ్డదీ నేనే." ఆయన జనం వైపు తిరిగాడు. "ఈ ఊళ్ళో డెబ్బై మందికి కోశాను. ప్రతిసారీ ఇంతో అంతో మిగులుతుంది. ప్రతిసారీ ఆ ఇంటివాళ్ళకే ఇచ్చాను. ఆ ముక్కలు ఎవరెవరి వంటింట్లో ఉన్నాయో చెప్పమంటారా? పిండి మీద ఏ గుడ్డ కప్పుతున్నారో, టోఫు ఏ గుడ్డలో వడగడుతున్నారో?"

జుమీరా కాలి బొటనవేలితో గచ్చు గీకుతూ నిలబడింది. పెద్దాయన ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ పోతుంటే, ఒక్కొక్క తలే వంగుతూ పోయింది.

"నెట్ పోయినట్టుంది," అని గొణిగి గందుంగ్ లైవ్ ఆపేశాడు. సర్దుకుని వెళ్ళడానికి పావుగంట కూడా పట్టలేదు.

నస్తీతి తాళ్ళు విప్పబోయింది గాని ముడులు రాలేదు. పక్ మోదినే విప్పాడు. కర్సినెం లేచి కూర్చుని, తన రెండు చేతుల్నీ చూసుకుంది. ఆ కొత్త గుడ్డని ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. పెద్దాయన దాన్ని దులిపి, నాలుగు మడతలు పెట్టి ఆవిడ ఒళ్ళో ఉంచాడు.

"ఇది కూడా మిగిలింది, కర్సి," అన్నాడు.

ఆ తరవాత అంతా చక్కబడిపోయిందని చెప్పను. దయ్యం లేదని తేలాక పదకొండు వేల మంది అకౌంటు వదిలేసి వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళలో కొందరు తిట్టేవారు, కొందరు మా అమ్మమ్మ కూడా అలాగే చేసిందని రాసేవారు. నస్తీతి అందరికీ ఆ రోజే జవాబిచ్చేది. కొట్టుకి కొందరు తిరిగొచ్చారు, కొందరు ఎన్నటికీ రాలేదు. జుమీరా ఒక పొద్దున బాండీని పాత చోటికి లాక్కొచ్చి, మొదటి వాయి పకోడీలు ఆకులో పెట్టి ఇచ్చింది. కర్సినెం తీసుకుంది. ఉప్పు ఎక్కువైందని అంది.

కర్సినెంకి భయం మాత్రం వదల్లేదు. ఆ కొత్త గుడ్డ ఇంట్లో ఉందంటేనే ఒళ్ళు జలదరించేది. తన కొలతకి కోసిన గుడ్డ, తను బతికుండగానే పడుకున్న గుడ్డ. బీరువా మీద పెట్టింది, పరుపు కింద పెట్టింది, చివరికి బియ్యం డబ్బా వెనక దాచింది. అబద్ధపు ఒట్టు వెయ్యలేదు కాబట్టి ఏమీ కాదని పక్ మోదిన్ నాలుగుసార్లు చెప్పాడు. అయినా ఏ దగ్గు వచ్చినా ఆ డబ్బా వైపు చూసేది.

రెండు నెలలకు పాలు పిండే సంచి చిరిగింది. ఉన్న సంచుల్లో అదే ఆఖరిది. కుట్టు పట్టని చోట్ల చిరిగింది, అతుకు వేద్దామంటే గుడ్డలో బలం లేదు. పర్జోనో గుడ్డ అయిపోయింది. కర్సినెం దాన్ని ఉతికి, ఆరబెట్టి, మడిచి, పెట్టెలో పెట్టుకుంది. కొత్త గుడ్డ తెస్తానని నస్తీతి చెప్పులు వేసుకుంటుంటే, "ఆగు," అంది.

డబ్బా వెనక నుంచి మోరి తీసి, విప్పి, తలనుంచి పాదాల దాకా తన ఒంటికి ఆనించి చూసుకుంది. అంచు నేల మీద మూరెడు పడింది. ఆ మూరెడు దగ్గర కత్తెర పెట్టింది. మొదటి కోత వంకరగా పోయింది. రెండోది తిన్నగా వచ్చింది. మిగతాది మడిచి, ఈసారి బియ్యం డబ్బా వెనక కాకుండా, తన చీరల మధ్య పెట్టుకుంది.

మర్నాడు కొట్టు తెరిచాక నస్తీతి ఫోను ఎత్తి పట్టుకుని, తీయనా అన్నట్టు చూసింది. కర్సినెం కొత్త సంచిలో కొబ్బరి వేసి, గిన్నె మీద పట్టుకుంది.

"ఈ గుడ్డ ఎవరిది, అమ్మా?"

"నాది," అంది కర్సినెం, మెలితిప్పింది.